పొద్దున్నే మొరాయించే బోర్డులు

ఆఫీసులో ఆమెను అందరూ ఎందుకమ్మ అనేవారు. అసలు పేరు జీతాలు వేసే వాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. "మేడమ్, ఇది పనిచేయడం లేదు" అని ఎవరైనా తెస్తే "ఎందుకు?" అని అడిగేది. అది ఎవరైనా అడిగేదే. కానీ "మేడమ్, ఇది పనిచేస్తోంది" అన్నా కూడా అదే మాట అడిగేది. ఆ రెండో ప్రశ్నకే ఆమెకి ఆ పేరు వచ్చింది.

చిన్నప్పటి నుంచీ ఉన్న గుణమే అది. వాళ్ళింట్లో ఒక రేడియో ఉండేది. వెనక మూత తీసి ఉంచితే చక్కగా పాడేది, మూత బిగిస్తే గురక పెట్టేది. తండ్రి దర్జీ. ఆయనకి మిషను తొక్కుతూ పాటలు వినడం ముఖ్యం, మూతతో పనేముంది? తీసి అటక మీద పడేశాడు. "పాడుతోందిగా, ఇంకేం కావాలే నీకు?" అన్నాడు. ఆ పిల్ల అటకెక్కి మూత దింపి, రేడియో ముందు గొంతుక్కూర్చుని, మూత పెడుతూ తీస్తూ తండ్రికి ఒక్క పాటైనా సాంతం వినపడనివ్వలేదు. సాయంత్రానికి తేలిందేమిటంటే, మూత లోపల అంటించిన రేకుముక్క ఒక మూల ఊడి తీగకి తగులుతోంది. తండ్రి రేకుముక్కను చూశాడు, కూతుర్ని చూశాడు. "నీకు కుట్టుపని అబ్బదు" అని అప్పుడే తేల్చేశాడు.

అలా చదువుకుని, ఉద్యోగానికొచ్చి, నలభై దాటేసరికి ఒక చిన్న కంపెనీలో బోర్డుల పరీక్ష విభాగానికి పెద్ద అయింది. పెద్ద అంటే ఆ విభాగంలో ఉన్నది ఆమె ఒక్కతే. కింద వరసగా షాపులు, మేడ మీద కంపెనీ. ఆమె బల్ల కిటికీ పక్కన ఉండేది. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ, దాని మీద వానాకాలంలో ఆగకుండా కారే ఒక గొట్టం కనిపించేవి. బల్ల మీద మైక్రోస్కోపు, మీటరు, తీగలు, మూత పోయిన టీ ఫ్లాస్కు.

ఆ కంపెనీ చేసేవి ఎవాల్యుయేషన్ బోర్డులు. కొత్త చిప్పు ఒకటి తయారైతే, కొనేవాళ్ళు ముందు దాన్ని ఆడించి చూసుకోవాలి కదా. అందుకోసం ఆ చిప్పుకి కావలసిన హంగులన్నీ అమర్చిన అరచేయంత పచ్చటి పలక అది. ఆ హంగుల్లో రెగ్యులేటరు ఒకటి. బయటినుంచి వచ్చే కరెంటు కాస్త ఎక్కువైనా తక్కువైనా, చిప్పుకి మాత్రం సరిగ్గా కావలసినన్ని వోల్టులే ఇవ్వడం దాని పని. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది. ఈ బోర్డు మీది చిప్పుకి ఒకటీ పాయింట్ ఎనిమిది వోల్టులు కావాలి. అంతకు మించితే చిప్పు మాడిపోకుండా బోర్డును ఆపేసి ఎర్రలైటు వెలిగించే కాపలా సర్క్యూట్ ఒకటుంది. అంతా బాగుంటే పచ్చలైటు.

ఆ ఏడు ముసురు పట్టిన రోజుల్లో, కొత్తగా కట్టిన బోర్డుల్లో చాలా వాటికి పొద్దున్నే ఎర్రలైటు వెలగడం మొదలైంది. కొలిచి చూస్తే రెగ్యులేటరు రెండు వోల్టుల పైనే ఇస్తోంది.

"రెగ్యులేటర్లు నాసిరకం, అంతే" అన్నాడు మేనేజరు. మనిషి మంచివాడే గానీ ఏ విషయమైనా భోజనం వేళకి తేలిపోవాలి ఆయనకి. "బాబాయ్‌కిచ్చి మార్పించెయ్యండి."

బాబాయ్ అంటే రిపేరు బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన. వయసు మీద పడినా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే ఆయన చెయ్యి వణకదు. చెడిన రెగ్యులేటరు తీసి కొత్తది పెట్టాడు. పచ్చలైటు వెలిగింది. ఇంకో బోర్డుకీ మార్చాడు. అదీ పచ్చే. మార్చినవన్నీ బాగయ్యాయి. ఇక అనుమానమేముంది? మేనేజరు సరుకు పంపిన సప్లయర్ మీద నిప్పులు కక్కుతూ ఒక మెయిల్ రాయించాడు. రెగ్యులేటర్లున్న టేపుచుట్ట మొత్తం వెనక్కి తీసుకోమని, మళ్ళీ మీ గుమ్మం తొక్కేది లేదని. పంపించే ముందు పద్ధతి ప్రకారం ఎందుకమ్మ సరేననాలి.

"తీసేసినవి ఏవీ?" అంది ఆమె.

"ఏవి?"

"చెడిపోయిన రెగ్యులేటర్లు."

బాబాయ్ ఒక సీసా మూత ముందుకు తోశాడు. అందులో నల్లటి గింజల్లా ఉన్నాయవి. ఆమె ఒకదాన్ని చిమటాతో పట్టుకుని విడిగా ఒక ఖాళీ బోర్డుముక్క మీద అతికి కరెంటిచ్చింది. ఒకటీ పాయింట్ ఎనిమిది. గీత గీసినట్టు నిలబడింది. ఇంకొకటి చూసింది. అదీ అంతే. మూతలో ఉన్న మిగతావీ అంతే.

"బాబాయ్, ఇవన్నీ బాగానే ఉన్నాయి."

"ఎట్లా బాగుంటాయమ్మా? మారిస్తే బాగయిందిగా బోర్డు!"

"అదే నాకూ అర్థం కావడం లేదు."

మేనేజరు నెత్తి పట్టుకున్నాడు. మెయిల్ ఆగింది.

బోర్డు గీసిన డిజైనరు ఆమె కన్నా చాలా చిన్నవాడు. ఎప్పుడూ కళ్ళజోడు తుడుచుకుంటూ ఉంటాడు. ఏదైనా తన తప్పేమోనని ముందే బెంగ పెట్టుకునే రకం. "వేడెక్కితే తేడా చేస్తాయేమో మేడమ్" అన్నాడు. వేడి చేసి చూశారు, చెక్కుచెదరలేదు. పొద్దున్న పూట లిఫ్టు ఎక్కువగా తిరుగుతుంది, కరెంటు ఊగిసలాడుతోందేమోనని ఆమెకి తోచింది. అడాప్టరు మార్చింది. బ్యాటరీ పెట్టింది. లిఫ్టు ఆపించి, పై అంతస్తు వాళ్ళ చేత చీవాట్లు కూడా తింది. ఎర్రలైటు ఎర్రగానే ఉంది. తన ఊహ తప్పని ఒప్పుకుని, లిఫ్టు మళ్ళీ వేయించి, దిగులుగా ఇంటికి పోయింది.

ఇంట్లో ఆమెకి ఒక శ్రోత ఉంది. అత్తగారు. అందరిళ్ళల్లో కోడలు ఇంటికి రాగానే అత్తగారు వంటింటి కబుర్లు చెబుతారేమో, ఈవిడ మాత్రం గుమ్మంలోనే "ఏమైందే అమ్మాయ్, లేచిందా నీ బోర్డు?" అని అడిగేది. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని తీగలు పీకి గుచ్చిన చేతులవి. కొడుకు బస్సు డ్రైవరు. బస్సు గురించి అడిగితే "నడిచింది" అంటాడు, అంతకు మించి ఒక్క ముక్క రాలదు. అందుకని కోడలి బోర్డులే ఆవిడకి కాలక్షేపం.

కోడలు జరిగిందంతా చెప్పింది. అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది.

"మారిస్తే బాగవుతోంది. కానీ తీసింది కూడా మంచిదే. అంతేనా?"

"అంతే అత్తయ్యా."

"మా ఎక్స్ఛేంజిలో ఇలాగే అయ్యేది. లైను గరగరమంటే ప్లగ్గు పీకి కొత్తది పెట్టేవాళ్ళం, బాగయ్యేది. అందరూ ప్లగ్గులే చెత్తవనేవారు. ఒకరోజు కొత్త ప్లగ్గులు లేవు. నేను పీకిందే మళ్ళీ గుచ్చాను. లైను బాగయింది! ప్లగ్గు కాదే పిల్లా, పీకి గుచ్చడం వల్ల రంధ్రంలో దుమ్ము పోయేది."

కోడలి చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. "అంటే... తీసి, దాన్నే మళ్ళీ పెట్టించాలి."

"అదే చెబుతున్నా."

"ముందు అన్నం తినొచ్చుగా ఇద్దరూ" అన్నాడు ఆ ఇంటి మగమహారాజు, తలుపు దగ్గర నిలబడి.

మర్నాడు ఎందుకమ్మ ఎర్రలైటు వెలుగుతున్న బోర్డు ఒకటి తీసుకుని రిపేరు బల్ల దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, దీని రెగ్యులేటరు తియ్యి. తీసి మళ్ళీ దాన్నే పెట్టు."

బాబాయ్ ఐరన్ స్టాండులో పెట్టేసి ఆమె వంక ఎగాదిగా చూశాడు. "చెడిందని తీసినదాన్ని మళ్ళీ అక్కడే పెట్టమంటావా? నలుగురూ చూస్తే నాకు మతి పోయిందనుకోరూ?"

"నేను పెట్టమన్నానని చెప్పు."

"అప్పుడు ఇద్దరికీ పోయిందంటారు" అంటూనే తీశాడు, పెట్టాడు. కరెంటిచ్చారు. పచ్చలైటు.

బాబాయ్ ముక్కున వేలేసుకున్నాడు. డిజైనరు పరుగెత్తుకొచ్చాడు. ముగ్గురూ ఆ లైటు వైపు చూస్తూ ఉండిపోయారు. అదే బోర్డు, అదే రెగ్యులేటరు. చెడినదేదీ మార్చలేదు, అయినా బాగయింది.

"బాబాయ్, నువ్వు మార్చేటప్పుడు ఇంకేం చేస్తావో వరసగా చెప్పు. చిన్న పనైనా వదిలిపెట్టకు."

"ఏముందమ్మా? వేడిగాలి కొడతా. అది ఊడుతుంది. కింద జిగురు పేరుకుని ఉంటుంది, స్పిరిట్‌తో బ్రష్షు పెట్టి గీకి కడుగుతా. మళ్ళీ అతుకుతా. మళ్ళీ కడుగుతా. నా చేతిలోంచి మురికి బోర్డు వెళ్ళదు."

"అయితే వేడి, లేకపోతే కడగడం. ఆ రెండిట్లో ఒకటి" అన్నాడు డిజైనరు.

"లేకపోతే రెండూ" అంది ఆమె. అప్పటికే ఇంకో రెండు ఎర్రబోర్డులు చేతిలోకి తీసుకుంది. ఒకదానికి రెగ్యులేటరు కదలకుండా వేడిగాలి మాత్రం కొట్టించింది. రెండోదాన్ని వేడి తగలనివ్వకుండా స్పిరిట్‌తో కిందా మీదా కడిగించి ఆరబెట్టింది. ఏదో ఒకటి పచ్చబడుతుంది, దాంతో తేలిపోతుందనుకుంది. రెండూ పచ్చబడ్డాయి.

"ఇదేం న్యాయం!" అన్నాడు డిజైనరు.

ఆ పూటకి ఏం చేయాలో తోచలేదు. రెండు బోర్డుల్నీ కిటికీ పక్కనే వదిలేసి ఇళ్ళకి పోయారు. తెల్లవార్లూ వాన పడింది. పొద్దున్నే వచ్చి కరెంటిస్తే, కడిగింది పచ్చగానే ఉంది. వేడిగాలి తగిలింది మళ్ళీ ఎర్రబడింది.

ఎందుకమ్మ రెండు బోర్డుల్నీ పక్కపక్కన పెట్టింది. వేడి తగిలితే పోయి, రాత్రంతా ఉంటే తిరిగొచ్చేదేదో ఉంది ఆ బోర్డులో. ఆమె గట్టిగా ఆలోచిస్తూ పక్కకి చూసింది. డిజైనరు అలవాటుగా కళ్ళజోడు తీసి, అద్దాల మీద హా అని ఊది, చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.

"ఆగు! ఆ పని దీని మీద చెయ్యి."

"దేని మీద?"

"కడిగిన బోర్డు మీద ఒకసారి, కడగని మంచిబోర్డు మీద ఒకసారి. ఊదు."

డిజైనరు సిగ్గుపడుతూ వంగి ముందు కడిగిన దాని మీద ఊదాడు. మీటరు కదల్లేదు. తర్వాత, నిన్న మధ్యాహ్నం ఏ ఇబ్బందీ లేకుండా పరీక్ష నెగ్గిన ఒక బోర్డు మీద ఊదాడు. మీటరులో అంకెలు ఎక్కడం మొదలైంది. ఒకటీ పాయింట్ ఎనిమిది, తొమ్మిది, రెండు దాటి ఎర్రలైటు వెలిగింది. ఊపిరి ఆరిపోతూ ఉంటే అంకెలు మెల్లగా దిగివచ్చాయి. పచ్చలైటు.

"మళ్ళీ ఊదు" అందామె. ఎక్కింది, దిగింది.

"నన్నూదనివ్వండి" అన్నాడు బాబాయ్. ఆయన ఊదినా ఎక్కింది. వాళ్ళ కేకలకి వచ్చిన మేనేజరు, ముగ్గురు పెద్దమనుషులు ఒక పచ్చటి పలక చుట్టూ మూగి వంతులవారీగా ఊదుతుంటే చూసి, తనూ మధ్యలోకి జరిగాడు. ఆ తర్వాత ఆయనా వంగి ఊదాడు.

గొడవంతా తేమదని తెలిసింది. తేమ ఎక్కడ పడుతోందన్నది డిజైనరు చెప్పాడు. రెగ్యులేటరు పక్కన రెండు చిన్న రెసిస్టర్లు ఉంటాయి. ఎన్ని వోల్టులివ్వాలో దానికి చెప్పేవి అవే. కరెంటు ఆదా అవుతుందని అతను చాలా పెద్ద విలువలున్నవి వేశాడు. వాటిలోంచి పారే కరెంటు సన్నటి ధారలాంటిది. అక్కడ తేమతో కాస్త దారి ఏర్పడినా ఆ ధార పక్కకి పోతుంది. రెగ్యులేటరు చెవిలో తప్పు కబురు పడుతుంది. పాపం, అది చెప్పినట్టే వింటోంది.

"అయితే నాదే తప్పు" అని డిజైనరు మొహం వేలాడేశాడు.

"నీది కొంత. కానీ పోయిన బ్యాచికి కూడా ఇవే రెసిస్టర్లు. అప్పుడూ వానలే. అప్పుడు రానిది ఇప్పుడెందుకొచ్చింది?"

మైక్రోస్కోపు కింద పెడితే రెగ్యులేటరు అంచున తెల్లటి పొర కనిపించింది, గాజు మీద ఆరిన సబ్బు నురగలా. సోల్డరుతో పాటు వాడే జిగురు అది. వాళ్ళు వాడే రకం కడగనక్కర్లేనిది. అలాగే వదిలేస్తే గట్టి పెచ్చు కట్టి ఎవరి జోలికీ పోదు. పూర్తిగా కడిగేసినా గొడవ లేదు. సగం కడిగితేనే తంటా. కరిగి, పాకి, సందుల్లోకి దూరి, తేమని పీల్చుకుంటూ కూర్చుంటుంది.

సగం కడుగుతున్నదెవరు? పరీక్షకి రాకముందు బోర్డులన్నీ భూతద్దం పిన్ని చేతిమీదుగా వస్తాయి. దీపమున్న పెద్ద భూతద్దం కింద ఒక్కో బోర్డునీ పెట్టి, వంకర కాళ్ళూ అతకని చోట్లూ పట్టుకోవడం ఆవిడ పని. ఆ కన్ను దాటి తప్పు పోదని అందరికీ నమ్మకం. ఎందుకమ్మ వెళ్ళి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. పిన్ని ఒక బోర్డు చూసింది, పక్కన పెట్టింది. ఇంకోటి చూసింది. రెగ్యులేటరు దగ్గర గోధుమరంగు మరక ఉంది. సీసా తీసి రెండు చుక్కలు చిమ్మి, గుడ్డతో మరక పోయేదాకా తుడిచింది. బోర్డు తళతళలాడింది.

"ఇది ఎప్పట్నుంచి పిన్నీ?"

"ఈ బ్యాచి నుంచే. మరకలున్నాయని పోయినసారి కొన్నవాళ్ళు మొహం చిట్లించారట. శుభ్రంగా పంపమన్నాడు మేనేజరు బాబు." కోడలికి కొత్త కోక చూపించినంత మురిపెంగా బోర్డు చూపించింది. "ఎలా ఉంది?"

ఎందుకమ్మ బోర్డు అందుకుంది. ఈ మాట చెప్పకుండా గడవదు. ఇంకొకరి నోట వింటే మరీ బాధ. ఆ బోర్డును బల్ల దగ్గరికి తెచ్చి, పిన్నిని పక్కన కూర్చోబెట్టి, ఆవిడ చేతే ఊదించింది. అంకెలు ఎక్కడం పిన్ని కళ్ళారా చూసింది. సంగతంతా విన్నది.

"అంటే, ఇన్నాళ్ళూ పాడు చేసింది నేనా?"

"మరక తుడవమన్నారు, తుడిచావు. కిందికి పాకుతుందని నీకు తెలీదు, నాకు తెలీదు, తుడవమన్నాయనకీ తెలీదు."

పక్కనే నిలబడ్డ మేనేజరు గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చూస్తున్నాడు. కాసేపటికి ఇటు తిరిగి, "మాట నాదేనమ్మా. నీ మీద వేసుకోకు" అన్నాడు. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుని తన బల్ల దగ్గరికి పోయింది. ఎందుకమ్మ రెండుసార్లు టీ పట్టుకెళ్ళింది. రెండోది మాత్రం పిన్ని తాగింది.

ఆ తర్వాత పనులు చకచకా నడిచాయి. తుడిచిన బోర్డులన్నిటినీ బాబాయ్ పూర్తిగా కడిగి ఆరబెట్టాడు. డిజైనరు రెసిస్టర్ల విలువలు తగ్గించి కొత్త బొమ్మ గీశాడు. ఎందుకమ్మ ఒక ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పంజి పెట్టి, బోర్డును కొంతసేపు ఆ తేమలో ఉంచాకే పరీక్షించాలని కొత్త నియమం పెట్టింది. సప్లయర్ మీద రాసిన మెయిల్ కొట్టేసి, మేనేజరు ఫోన్‌లో వాళ్ళతో, వాళ్ళు అడక్కపోయినా, మీ సరుకు వజ్రం లాంటిదని పొగిడాడు.

రెండు రోజులకి పిన్ని తనంతట తనే పరీక్ష బల్ల దగ్గరికొచ్చింది. చేతిలో ఒక బోర్డు ఉంది.

"మూలన గీత పడ్డ ఈ బోర్డు నాకు బాగా గుర్తు. దీనికి మరక లేదు. నేను దీన్ని తుడవనే లేదు. మరి మొదటిరోజు ఇదీ ఎర్రగానే వెలిగిందిగా?"

ఎందుకమ్మ కరెంటిచ్చింది. ఎర్ర. బాబాయ్ కడిగి ఆరబెట్టాడు. ఎర్ర. వేడిగాలి కొట్టాడు. ఎర్రే. రెగ్యులేటరు తీసి విడిగా కొలిస్తే రెండు వోల్టుల పైన చూపించింది. కొత్తది పెడితే బోర్డు పచ్చబడింది. అన్ని బోర్డుల మధ్యలో ఇదొక్కటి నిజంగా చెడిన రెగ్యులేటరు.

"చూశావా, నా వల్ల కాదు" అంది పిన్ని. ఆ రోజు తర్వాత ఆవిడ మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది.

"నేను వాళ్ళని వజ్రమన్నానే!" అన్నాడు మేనేజరు.

ఎందుకమ్మకి ఈ మాటలేవీ చెవికెక్కలేదు. ఆ నల్లటి గింజను చిమటాతో పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. పైన పగులు లేదు, మాడిన జాడ లేదు, కాళ్ళు సరిగ్గానే ఉన్నాయి. సన్నటి ఆకురాయి తీసుకుని దాని వీపు మెల్లగా అరగదీయడం మొదలుపెట్టింది. డిజైనరు కళ్ళజోడు సర్దుకుని కుర్చీ ఇటు లాక్కున్నాడు. పిన్ని తన భూతద్దం విప్పుకుని తెచ్చింది. నల్లటి పొడి తెల్లకాగితం మీద రాలుతోంది, లోపలి సన్నటి తీగ ఒకటి అప్పుడే మెరుస్తూ కనిపించసాగింది.